మావయ్య ఛాతీ మీద కొత్త గాయం... బిల్లులో మాత్రం పాత ఆపరేషన్!

ఒకే మనిషి, ఒకే గాయం, ఒకే రాత్రి. బిల్లులు మాత్రం రెండు వచ్చాయి. డాక్టరు బిల్లును విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్ళు మారుమాట లేకుండా కట్టారు. ఆస్పత్రి బిల్లును మాత్రం "ముందు నుంచీ ఉన్న జబ్బుకు సంబంధించినది, పాలసీలో రాదు" అని తిప్పి పంపారు. ఏడు వేల డాలర్ల పైచిలుకు. ఆ ఉత్తరం వచ్చేనాటికి అత్తయ్య, మావయ్య గుంటూరు వెళ్ళిపోయి రెండు వారాలైంది.

వంటగదిలో జారిపడి, గాజు సీసా గుచ్చుకుంటే అది పాత జబ్బు ఎలా అవుతుంది? నాలుగు రోజులు రికార్డులు తిరగేస్తే దొరికింది. అంతా ఒక్క కోడ్ దగ్గర ఉంది. ఆ కోడ్ పడటానికి మొదటి కారణం ఎవరో కాదు, ఆ రాత్రి కంగారులో నేను అన్న మాట.

మనలో చాలామంది ఇళ్ళకు ఏటా అమ్మానాన్నలో, అత్తమామలో వస్తుంటారు. వాళ్ళలో బైపాస్ అయినవాళ్ళు, స్టెంట్ వేయించుకున్నవాళ్ళు తక్కువేం కాదు. అందుకే ఈ సంగతి వివరంగా రాస్తున్నాను.

ఆ రాత్రి ఏం జరిగింది

మేం ఉండేది డాలస్ దగ్గర. మావయ్యకు అయిదేళ్ళ కిందట బైపాస్ అయింది. గాయం ఎప్పుడో మానింది. ఛాతీ మధ్యలో నిలువుగా తెల్లటి గీత మిగిలింది. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. పొద్దున, సాయంత్రం చెరో మైలు నడుస్తారు.

ఆ రోజు రాత్రి భోజనాల వేళ ఆవకాయ సీసా ఆయనే తెస్తానన్నారు. ఫ్రిజ్ నుంచి మంచు ముక్క కింద పడి కరిగినట్టుంది, ఎవరం చూడలేదు. కాలు జారి బోర్లా పడ్డారు. సీసా ఆయన కిందే పగిలింది. చొక్కా అంతా ఎరుపు. ఏది నూనో ఏది రక్తమో తెలియలేదు. అత్తయ్య "గుండెల్లో దిగిందే అమ్మాయ్, గుండెల్లో దిగింది" అని ఒకటే కేక.

మా ఆయన ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉన్నారు. అత్తయ్యను తువ్వాలు గట్టిగా అదిమిపెట్టమని చెప్పి, నేనే కారులో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాను. అది తప్పు. ఛాతీకి లోతైన గాయమైతే, అందులోనూ రక్తం పలచబడే మందులు వాడే మనిషైతే 911కే ఫోన్ చేయాలి. ఏదైనా గుచ్చుకుని ఉంటే మనం లాగకూడదు. డాక్టరు ఈ రెండు ముక్కలూ నాకు మెత్తగానే చెప్పింది గానీ బాగా తగిలాయి.

లోపలికి వెళ్ళగానే నర్సు ఏమైందని అడిగింది. నేను గబగబా అన్న మాటలు ఇవి: "ఓపెన్ హార్ట్ సర్జరీ పేషెంట్. చెస్ట్ ఓపెన్ అయింది. బాగా రక్తం పోతోంది." పడ్డారని, గాజు గుచ్చుకుందని ఆ తర్వాత చెప్పాను. అప్పటికే ఆమె మొదటి మాట టైప్ చేసేసింది.

ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తికి ఏమీ కాలేదు. గాజు ముక్కలు చాలా వరకు ఎక్స్‌రేలో కనిపిస్తాయి. గోరంత ముక్క ఒకటి చర్మం కింద కనబడితే తీసేశారు. కారం, నూనె, ఆవపిండి పోయేదాకా చాలాసేపు కడిగారు. ఆ కడుగుడుకు మావయ్య పళ్ళు బిగబట్టి పడుకున్నారు, పాపం. ఆరు సెంటీమీటర్ల గాయానికి కుట్లు వేసి, ధనుర్వాతం ఇంజెక్షన్ ఇచ్చి, తెల్లవారుజామున ఇంటికి పంపారు. ప్రాణాపాయం తప్పిందని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం. కాగితాల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

కోడింగ్ అంటే ఏమిటి

నేను బీయస్సీ అయ్యాక అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ కోర్సు చేసి, పెళ్ళికి ముందు ఏడాదిన్నర హైదరాబాద్‌లో ఆ ఉద్యోగమే చేశాను. అమెరికా ఆస్పత్రుల చార్టులు రాత్రిళ్ళు మాకు వచ్చేవి. డాక్టరు రాసిన నోట్ చదివి, జబ్బుకు ఒక కోడ్, చేసిన వైద్యానికి ఒక కోడ్ వేయడం మా పని. ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిమ్ రూపంలో ముందు వెళ్ళేవి ఆ కోడ్‌లే. పూర్తి నోట్ వాళ్ళు అడిగితేనే వెళ్తుంది.

ఇందులో గుర్తుంచుకోవాల్సింది ఒకటి ఉంది. కోడర్ రోగిని చూడరు. గాయం చూడరు. నోట్‌లో ఉన్నదే వాళ్ళకు లోకం. నోట్‌లో లేనిదాన్ని ఊహించి కోడ్ వేయకూడదని మాకు మొదటి రోజే నేర్పారు. ఎమర్జెన్సీలో చూసి ఇంటికి పంపిన కేసుల్లో డాక్టరు "అయి ఉండొచ్చు", "అనుమానం" అని రాసినదాన్ని జబ్బుగా కోడ్ చేయకూడదని కూడా నియమం. నోట్ రెండు రకాలుగా అర్థమయ్యేలా ఉంటే డాక్టరునే అడగాలి. దాన్ని క్వెరీ అంటారు. రోజుకు ఇన్ని చార్టులని లెక్క ఉన్నప్పుడు ఆ క్వెరీ పెట్టే ఓపిక అందరికీ ఉండదు. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే కాబట్టి చెబుతున్నాను.

అప్పట్లో ఐసీడీ-9 ఉండేది. ఛాతీ గోడ మీద తెరుచుకున్న గాయానికి మాకు ఉన్నవి రెండే కోడ్‌లు. చిక్కు లేకపోతే 875.0. లోపల ఏదైనా ఉండిపోయినా, చీము పట్టినా, మానడం ఆలస్యమైనా 875.1. అంతే. 2015 అక్టోబర్ 1 నుంచి అమెరికాలో ఐసీడీ-10-సీఎం వచ్చింది. అందులో ఛాతీ తెరుచుకున్న గాయాలన్నీ "ఎస్21" అనే ఇంటిపేరు కిందకు వచ్చాయి. అన్ని రకాలూ కలిపి లెక్కేస్తే ఆ ఒక్క ఇంట్లోనే మూడు వందలకు దగ్గరగా కోడ్‌లు ఉంటాయి.

ఎస్21లో ఒక్కో అంకె ఏం అడుగుతుంది

వినడానికి భయంగా ఉన్నా ఇది చాలా పద్ధతిగా కట్టిన వ్యవహారం. మన పిన్ కోడ్ లాగా ఒక్కో స్థానం ఒక్కో ప్రశ్నకు జవాబు.

మొదటి ప్రశ్న, ఎక్కడ, ఎంత లోతు. ఎస్21.0 అయితే స్తనం మీద గాయం. 21.1 అయితే ఛాతీ ముందు గోడ, 21.2 అయితే వెనక గోడ. ఈ రెండిటిలోనూ గాయం ఛాతీ గూటి లోపలికి దిగలేదని అర్థం. 21.3, 21.4 కూడా ముందు, వెనక గోడలే, కానీ గాయం లోపలికి దిగింది. 21.9 అంటే ఛాతీలో ఏ భాగమో నోట్‌లో లేదు.

రెండో ప్రశ్న, ఏ రకం గాయం. కోసుకుపోయిందా, సన్నగా లోతుగా గుచ్చుకుందా, కొరికిందా. కోత అయినా పోటు అయినా లోపల వేరే వస్తువు ఉందా లేదా అన్నదానికి మళ్ళీ వేరు వేరు అంకెలు. మూడో ప్రశ్న, కుడి వైపా, ఎడమ వైపా. చివరి అక్షరం, వైద్యం ఏ దశలో ఉంది.

మావయ్యది కుడి వైపు, ముందు గోడ, కోత, లోపల గాజు ముక్క, ఛాతీ గూటిలోకి దిగలేదు, మొదటి వైద్యం. ఇవన్నీ కలిపితే ఎస్21.121ఏ. ఇదే గాయం రవ్వంత లోతుగా దిగి ఉంటే 21.321ఏ అయ్యేది. ఒక్క అంకె తేడా, కానీ మనిషి పరిస్థితిలో ఎంతో తేడా. లోపలికి దిగిన గాయంలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే ఎస్27.0, రక్తం చేరితే ఎస్27.1, రెండూ చేరితే ఎస్27.2, గుండెకే దెబ్బ తగిలితే ఎస్26, పక్కటెముకలు విరిగితే ఎస్22 కోడ్‌లు కూడా తోడుగా వేయాలి. పైపైన గీరుకుపోవడం, కమిలిపోవడం అయితే ఎస్20లోకి వెళ్తుంది. అది తెరుచుకున్న గాయం లెక్కలోకి రాదు.

చివరి అక్షరం గురించి మనవాళ్ళు ఎక్కువ పొరబడతారు. "ఏ" అంటే మొదటిసారి ఆస్పత్రికి వెళ్ళడం అని కాదు, గాయానికి అసలు వైద్యం ఇంకా నడుస్తోందని. వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళినా అసలు వైద్యం సాగుతుంటే "ఏ"నే. మానే దశలో కట్టు మార్పించుకోవడానికి, కుట్లు విప్పించుకోవడానికి వెళ్తే "డీ". పూర్తిగా మానాక దానివల్ల మిగిలిన ఇబ్బందికి "ఎస్". మేం పది రోజుల తర్వాత కుట్లు విప్పించినప్పుడు పడింది "డీ". అది సరిగ్గానే ఉంది.

ఆవకాయకు కూడా లెక్క ఉంది

ఇది జబ్బు కోడ్ సంగతి. చేసిన పనికి సీపీటీ అని వేరే కోడ్‌లు ఉంటాయి. కుట్లకు మూడు తరగతులు. ఒక పొర కుట్టు సింపుల్. లోపలి పొర, పై పొర విడివిడిగా కుడితే ఇంటర్మీడియట్. ఇంకా ఎక్కువ మరమ్మతు కావాల్సి వస్తే కాంప్లెక్స్. తరగతి తర్వాత పొడవు చూస్తారు. ఛాతీ మీద 2.6 నుంచి 7.5 సెంటీమీటర్ల సింపుల్ కుట్టుకు 12002. అదే పొడవు ఇంటర్మీడియట్ అయితే 12032. ధర తేడా బాగానే ఉంటుంది.

మావయ్యకు వేసింది ఒకే పొర కుట్టు. మరి బిల్లులో 12032 ఎందుకుంది? మొదట నేనూ అదే తప్పనుకున్నాను. కానీ నియమం చదివితే, గాయం బాగా మురికైపోయి, చాలాసేపు కడిగి, లోపలి రేణువులు తీయాల్సి వస్తే ఒక పొర కుట్టు కూడా ఇంటర్మీడియట్ కిందకే వస్తుంది. డాక్టరు నోట్‌లో నూనె, కారం, ఆహార పదార్థాలు ఉన్నాయని, ఎక్కువ నీటితో కడిగామని స్పష్టంగా ఉంది. ఆవకాయ వల్ల వచ్చిన కోడ్ అది, న్యాయమైనదే. బిల్లు పెద్దదిగా ఉన్నంత మాత్రాన తప్పు కాదని నాకు అక్కడ అర్థమైంది. ఏది ఎందుకు పడిందో చూడకుండా ఫోన్ చేసి గొడవ పడితే మన మాటకు విలువ పోతుంది.

ఎలా జరిగిందో చెప్పే కోడ్‌లు కూడా ఉంటాయి. జారిపడి పదునైన గాజుకు తగిలితే డబ్ల్యూ01.110ఏ. సొంత ఇంటి వంటగదిలో జరిగితే వై92.010. ఇవి ప్రతి చోటా తప్పనిసరి కాదు. కానీ ఉంటే ఇది ప్రమాదమని ఇన్సూరెన్స్ వాళ్ళకు ఒక్క చూపులో తెలుస్తుంది. ఎదుటి మనిషి దాడి చేస్తే, తనకు తానే చేసుకుంటే వేరే కోడ్‌లు. నోట్‌లో ఏమీ లేకపోతే ప్రమాదంగానే లెక్కిస్తారు. ఇక్కడ ఒక మాట మన ఆడవాళ్ళకు. ఇంట్లో ఎవరైనా కొడితే అయిన గాయానికి "పడిపోయాను" అని చెబితే రికార్డులో ప్రమాదమే మిగులుతుంది. రేపు ఆ కాగితం మీకు సాక్ష్యంగా కావాల్సి వస్తే అందులో ఏమీ ఉండదు. ఆ గదిలో ఒంటరిగా మాట్లాడతానని అడగొచ్చు.

తప్పు ఎక్కడ పడింది

డాక్టర్ల గ్రూపు వాళ్ళ కోడర్ వేసింది ఎస్21.121ఏ. దాంతో పాటు బైపాస్ అయిన మనిషి అని జెడ్95.1, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారని జెడ్79.02. పాత ఆపరేషన్‌ను చెప్పాల్సిన పద్ధతి అదే. అది చరిత్ర, ఇవాళ్టి జబ్బు కాదు.

ఆస్పత్రి తరఫు కోడర్ వేరు. వాళ్ళ బిల్లులో మొదటి కోడ్ టీ81.31ఎక్స్‌ఏ. ఆపరేషన్ చేసిన పై గాయం విడిపోయిందని దాని అర్థం. బైపాస్ అయ్యాక కుట్లు ఊడిపోయి ఛాతీ విచ్చుకుంటే వేసే కోడ్ అది. అయిదేళ్ళ కిందట మానిపోయిన గాయానికి అది పడింది.

ఎందుకో రికార్డు చూస్తే తెలిసింది. నర్సు నోట్‌లో మొదటి వరుస: ఓపెన్ హార్ట్ సర్జరీ అయిన వ్యక్తి, ఛాతీ తెరుచుకుంది, రక్తస్రావం. నా మాటలే. డాక్టరు నోట్‌లో ఒక చోట "సర్జరీ గీత పక్కన తెరుచుకున్న గాయం". ఎక్స్‌రే రిపోర్టులో బైపాస్‌లో ఎముకకు వేసిన తీగలు చెక్కుచెదరలేదని ఒక వాక్యం. ఈ మూడూ వరసగా చదివి, హడావిడిలో ఉన్న మనిషి పాత కోత విచ్చుకుందని అనుకోవడం వింతేం కాదు. కానీ అదే డాక్టరు నోట్‌లో కింద గాజు ముక్క తీసిన సంగతి, జారిపడిన సంగతి ఉన్నాయి. అంతదాకా చదవలేదు, లేదా చదివి క్వెరీ పెట్టలేదు.

ఇన్సూరెన్స్ కంపెనీ వైపు నుంచి చూడండి. పాలసీలో పాత జబ్బులు రావు. ముందుకు వచ్చిన కోడ్ పాత ఆపరేషన్ చిక్కు అంటోంది. వాళ్ళు కాదనక ఏం చేస్తారు?

మన మాట కూడా ఆలోచించాల్సిందే. తెలుగులో గుండె అంటే లోపల కొట్టుకునేదీ గుండే, పైన చెయ్యి వేసుకునే చోటూ గుండే. రొమ్ము అన్నా ఛాతీ, స్తనం రెండూ అవుతాయి. అత్తయ్య "గుండెల్లో దిగింది" అన్నది ఛాతీ గురించి. దాన్ని అలాగే ఇంగ్లీషులోకి మార్చి చెబితే గుండెకు గాయమైందని రాసుకుంటారు. ఇక మన ఇంగ్లీషులో "ఓపెన్ అయింది" అని ఎన్నిటికి వాడతామో మీకు తెలుసు. చిరిగింది, కోసుకుంది, ఊడింది, విచ్చుకుంది, అన్నిటికీ అదే. అలవాటైన ఆ మాట ఆ రాత్రి మా కొంప ముంచింది.

ఎలా సరిచేయించాను

ముందు ఆస్పత్రి పోర్టల్‌లో నోట్లన్నీ తీశాను. మన రికార్డు మనం అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలని హిపా నియమం ఉంది. అయితే రికార్డు మావయ్యది, నాది కాదు. ఆయన సంతకం లేకుండా నాతో మాట్లాడమన్నారు. ఆయన గుంటూరులో. అనుమతి ఫారం వాట్సాప్‌లో పంపి, ప్రింట్ తీయించి, సంతకం చేయించి, స్కాన్ తెప్పించుకోవడానికే వారం పట్టింది. ఇండియా ఫ్లైట్ ఎక్కకముందే ఆ ఫారం మీద సంతకం పెట్టించి ఉంచుకోండి. మీకు ఆ వారం మిగులుతుంది.

తర్వాత ఐటమైజ్డ్ బిల్లు అడిగాను. ఆస్పత్రి నుంచి వెళ్ళే ఫారం యూబీ-04, డాక్టరు నుంచి వెళ్ళేది సీఎంఎస్-1500. రెండూ వేరు, కోడర్లు వేరు, తప్పులూ వేరు. రెండిటి మీదా ఉన్న జబ్బు కోడ్‌లు పక్కపక్కన రాసుకున్నాను. అక్కడే దొంగ దొరికాడు.

ఫోన్‌లో బిల్లింగ్ వాళ్ళతో "మీరు తప్పు చేశారు" అనలేదు. ఒక పేజీ ఉత్తరం రాశాను. డాక్టరు నోట్‌లో ఫలానా వరుసలో జారిపడటం ఉంది, ఫలానా వరుసలో గాజు ముక్క తీసినట్టు ఉంది, పాత కోత చెదరలేదని ఎక్స్‌రే చెబుతోంది, ఆస్పత్రి కోడ్ మాత్రం ఆపరేషన్ గాయం విడిపోయిందంటోంది, దయచేసి కోడింగ్ రివ్యూ చేయించండి. "కోడింగ్ రివ్యూ" అన్న మాట వాడితే ఉత్తరం సరైన బల్ల మీదకు వెళ్తుంది.

రికార్డులో నర్సు వరుసను సవరించమని వేరే అభ్యర్థన కూడా మావయ్య సంతకంతో పెట్టాం. హిపా ప్రకారం దానికి 60 రోజుల్లో జవాబు చెప్పాలి, ఇంకో 30 రోజులు గడువు తీసుకోవచ్చు. కాదంటే మన అభ్యంతరాన్ని రాసి రికార్డులో చేర్చమని అడిగే హక్కు ఉంది. మా విషయంలో నర్సు నోట్ తుడిచేయలేదు, తుడవకూడదు కూడా. డాక్టరు కింద ఒక అదనపు నోట్ చేర్చింది: ఇది గాజు వల్ల అయిన కొత్త గాయం, పాత సర్జరీ కోతకు సంబంధం లేదు, లోపలికి దిగలేదు. మూడే వాక్యాలు. దాని ఆధారంగా కోడ్ మారింది. పాత క్లెయిమ్ స్థానంలో సరిచేసిన క్లెయిమ్ వెళ్ళింది.

ఈలోగా ఇన్సూరెన్స్ వాళ్ళకు అప్పీలు కూడా పెట్టి ఉంచాను. తిరస్కరించిన ఉత్తరంలోనే అప్పీలుకు ఆఖరి తేదీ ఉంటుంది. ఆస్పత్రి సరిచేసే దాకా ఆగుదామని కూర్చుంటే ఆ తేదీ దాటిపోవచ్చు. మొత్తం నాలుగు నెలలు పట్టింది. డిడక్టబుల్ పోను మిగతాది కట్టారు.

ఒక హెచ్చరిక. డబ్బు వచ్చే కోడ్ వేయమని డాక్టరును గానీ బిల్లింగ్ వాళ్ళను గానీ అడగకండి. అది మోసం కిందకు వస్తుంది. జరిగినదానికీ రాసినదానికీ తేడా ఉంటే సరిచేయమని అడగడం మన హక్కు. మావయ్యకు నిజంగానే పాత కోత విచ్చుకుని ఉంటే ఆ టీ81 కోడే సరైనది, ఆ ఏడు వేలూ మేమే కట్టుకోవాల్సి వచ్చేది.

ఎమర్జెన్సీలో ఏం చెప్పాలి

కంగారులో అన్నీ గుర్తుండవు. అందుకే ఈ వరస పెట్టుకున్నాను.

ముందు ఇవాళ ఏం జరిగిందో చెప్పాలి. జారిపడ్డారు, గాజు గుచ్చుకుంది, ఎప్పుడు, ఎక్కడ. తర్వాత ఎక్కడ తగిలిందో వేలితో చూపించాలి. కుడి, ఎడమ స్పష్టంగా చెప్పాలి. లోపల ముక్క ఉండొచ్చని అనుమానం ఉంటే చెప్పాలి. ఆ తర్వాత వాడే మందులు, ముఖ్యంగా రక్తం పలచబడేవి. వాటిని చివరిదాకా దాచిపెట్టుకోకండి, ప్రాణానికి సంబంధించిన సంగతి అది. ఆ వెంటనే పాత ఆపరేషన్లు, ఏ సంవత్సరంలో అయ్యాయో కలిపి: "అయిదేళ్ళ కిందట బైపాస్ అయింది, గాయం పూర్తిగా మానింది." ధనుర్వాతం ఇంజెక్షన్ చివరిగా ఎప్పుడు వేయించారో కూడా అడుగుతారు. గాయం మురికిగా ఉంటే అయిదేళ్ళు దాటినా మళ్ళీ వేస్తారు.

పెద్దవాళ్ళే మాట్లాడాలనుకుంటే తెలుగు దుబాసీ కావాలని అడగండి. ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రులు ఆ సాయం ఉచితంగా ఇవ్వాలి. ఎక్కువగా ఫోన్‌లోనో వీడియోలోనో ఉంటారు. మనకు ఇంగ్లీషు వచ్చు కదా అనుకుంటాం. కన్నవాళ్ళు, అత్తమామలు నెత్తురోడుతుంటే వచ్చే ఇంగ్లీషు ఎలా ఉంటుందో నేను చూశాను.

ఇంటికి వచ్చాక ఒకటి రెండు రోజుల్లో పోర్టల్‌లో నోట్ చదవండి. తప్పుంటే డాక్టరుకు కేసు గుర్తుండగానే మెసేజ్ పెట్టండి. గాయం ఫోటో, తేదీతో సహా, ఒకటి ఉంచుకోండి. ఇన్సూరెన్స్ నుంచి ప్రమాదం వివరాలు అడుగుతూ ఫారం వస్తే పక్కన పడేయకండి. పనిలో జరిగిందా, కారు ప్రమాదమా, ఇంకెవరి తప్పైనా ఉందా అని అడుగుతారు. దానికి జవాబు వెళ్ళేదాకా చాలా క్లెయిములు కదలవు.

మా ఫ్రిజ్ తలుపు మీద ఇప్పుడు రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి మావయ్య మందులు, ఆపరేషన్ సంవత్సరంతో. రెండోది నేను పైన చెప్పిన వరస, ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో. వచ్చే వేసవికి వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. మొన్న ఫోన్‌లో మావయ్య అడిగారు: "అమ్మాయ్, ఆవకాయ ఈసారి ప్లాస్టిక్ డబ్బాలో తెమ్మంటావా?" తెమ్మన్నాను. సంతకం పెట్టాల్సిన ఫారం కూడా ఇప్పుడే ప్రింట్ తీసి ఉంచాను.